టీచరు ఎక్కించిన లెక్క టీచరుకు తిరిగి రావాలి: శిశు సంక్షేమ శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మహిళా శిశు సంక్షేమ శాఖల ఉన్నతాధికారులకు, ఆ శాఖల కోసం యాప్‌లు తయారుచేసే బృందాలకు

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. మా అక్క ఊళ్లో అంగన్‌వాడీ టీచర్. యాప్ ఎక్కడ మొరాయిస్తుందో వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం. మొరాయించినప్పుడు మాట పడేదెవరో అక్కతో ఫోన్ మాట్లాడినప్పుడల్లా తెలుస్తుంటుంది. యాప్‌లు ఎత్తేయమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. పదకొండు రిజిస్టర్లు చేత్తో నింపిన కాలం అక్కకి బాగా గుర్తుంది, నాకూ గుర్తుంది. నెలాఖరు రిపోర్టుకి కూడికలు వేయడానికి ఇంట్లో అందరం కూర్చునేవాళ్లం. నేను అడిగేది ఒక్కటే. టీచరు చేత ఫోన్‌లోకి ఎక్కించుకున్న సమాచారం పనికొచ్చే రోజున, పనికొచ్చే రూపంలో మళ్లీ ఆ టీచరుకి, ఆ బిడ్డ తల్లికి అందాలి. ఇప్పుడది పైకి వెళ్తోంది, అక్కడే ఉండిపోతోంది.

1975 అక్టోబర్ 2న దేశం మొత్తమ్మీద 33 బ్లాకుల్లో మొదలైన, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకానికి యాభై ఏళ్లు నిండాయి. ఇవాళ ఆంధ్రలో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలున్నాయి. ప్రతి కేంద్రంలో టీచరు చేసే పని మీకు నేను చెప్పనక్కర్లేదు గానీ, ఒకసారి వరుసగా చదువుకుంటే మంచిది. గర్భిణులు, బాలింతలకు భోజనం. మూడేళ్ల లోపు పిల్లలకు ఇంటికిచ్చే సరుకులు. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకి ఆటపాటలు, మధ్యాహ్నం అన్నం. నెలనెలా బరువు, ఎత్తు. ఇళ్లకి వెళ్లి మాట్లాడటం. టీకాల రోజున ఊరి నర్సు ఏఎన్‌ఎం పక్కన కూర్చోవడం. చాలాచోట్ల వీటన్నిటి మీద ఓటర్ల జాబితా చూసే బీఎల్‌ఓ డ్యూటీ. వీటికి కొన్నేళ్లుగా అందుతున్న గౌరవ వేతనం ఆంధ్రలో 11,500 రూపాయలు, తెలంగాణలో 13,650.

2018లో కేంద్ర ప్రభుత్వ పోషకాహార కార్యక్రమం పోషణ్ అభియాన్‌తో ఫోన్లు వచ్చాయి. మొదట ఒక సాఫ్ట్‌వేర్, దాన్ని పక్కనపెట్టి 2021 మార్చి 1న పోషణ్ ట్రాకర్ యాప్. ఫోన్ వచ్చింది గానీ రిజిస్టర్ పోలేదు. తనిఖీకి వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోగానే అడిగేది రిజిస్టరే. కేంద్రం యాప్‌లో ఎక్కించినదాన్ని రాష్ట్రం యాప్‌లో మళ్లీ ఎక్కించాలి. ఒక పాప బరువు 9.4 కిలోలు తూగిందనుకోండి. ఆ 9.4 రిజిస్టర్లో పడాలి, తల్లి దగ్గరుండే కార్డులో పడాలి, ఒక యాప్‌లో పడాలి, ఇంకో యాప్‌లో పడాలి, సెక్టార్ (ఒక సూపర్‌వైజర్ కింది కేంద్రాల గుంపు) మీటింగ్‌కి తీసుకెళ్లే కాగితంలో పడాలి. ఆ కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టడం అదనం. ఇన్నిచోట్ల రాస్తే ఏదో ఒకచోట అది 9.1 అవుతుంది. అప్పుడు తేడా ఎందుకొచ్చిందో సంజాయిషీ ఇవ్వాలి.

ఇది మన దగ్గరే ఉన్న గోల కాదు. 2021లో మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు వేల సంఖ్యలో ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లు తిరిగి అప్పగించేశారు. ఫోన్లలో మెమరీ చాలడం లేదు, యాప్ మరాఠీలో లేదు, ఇవీ వాళ్ల ఫిర్యాదులు. భాష సంగతి కోర్టు దాకా వెళ్లింది. మన రెండు రాష్ట్రాల్లో 2023లో మొదలైన అంగన్‌వాడీ సమ్మెల్లో జీతం, గ్రాట్యుటీలే ప్రధాన డిమాండ్లుగా పత్రికల్లో కనిపించాయి. ఆంధ్రలో 42 రోజులు నడిచిన సమ్మె మీద, సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం కూడా పెట్టారు. కానీ ఏ టీచరుని కదిపినా జీతం తర్వాత రెండో మాట యాప్ గురించే వస్తుంది.

ఇప్పుడు ముఖం సంగతి. 2025 జులై 1 నుంచి ఇంటికిచ్చే సరుకులకి ఫేస్ క్యాప్చర్ (కెమెరాతో ముఖం సరిపోల్చడం) తప్పనిసరి చేశారు. ఎందుకు పెట్టారో తెలుసు. ఊళ్లో లేనివాళ్ల పేర్లు, గుడ్ల లెక్కలో తేడాలు, పిల్లలకిచ్చే బాలామృతం పొడి పశువుల దాణాలోకి పోవడం, ఇవన్నీ కట్టుకథలని ఎవరూ అనరు. దొంగలెక్కలు ఆపాలి. అయితే ఆ ఆపేపని కేంద్రం గుమ్మం దగ్గర ఎలా జరుగుతోందో చూడండి.

ముందు ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూడటం. ఆధార్ నంబర్ కొడితే, ఆధార్‌కి లింకైన ఫోన్‌కి ఓటీపీ వెళ్తుంది. ఊళ్లో చాలా ఇళ్లలో ఆ ఫోన్ భర్తది. ఆయన లారీ మీద ఎక్కడో ఉంటాడు, లేదా హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉంటాడు, లేదా దుబాయ్‌లో ఉంటాడు. అక్క ఫోన్ చేసి, "బాబూ, నేను అంగన్‌వాడీ టీచర్ని, నీ ఫోన్‌కి ఒక నంబర్ వచ్చింది, చెప్పు" అంటుంది. అవతల నుంచి, "ఎవరమ్మా నువ్వు? ఓటీపీ అడుగుతున్నావేంది?" అని కట్ చేస్తాడు. తప్పు అతనిది కాదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు, పోలీసులు, కాలర్ ట్యూన్‌లు రోజూ చెవినిల్లు కట్టుకుని చెప్తున్నాయి. ఈలోగా ఓటీపీ గడువు అయిపోతుంది. మళ్లీ మొదటి నుంచి. ఆ దశ దాటినా బాలింత ముఖం కెమెరా ముందు పెట్టి కళ్లు ఆర్పాలి. చంకలో పిల్ల ఏడుస్తుంటుంది, వెనక కిటికీ లోంచి ఎండ, సిగ్నల్ ఒక గీత. "మ్యాచ్ కాలేదు" అని వస్తుంది. అక్కకి ఆ అమ్మాయి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ అమ్మాయి కూడా చిన్నప్పుడు అదే కేంద్రంలో అన్నం తిన్నదే. ఫోన్ మాత్రం గుర్తుపట్టనంటుంది.

ఇలాంటప్పుడు ఏం చేయాలో తెలుగులో, ఒక పేజీలో, సంతకంతో ఉన్న ఆర్డర్ ప్రతి కేంద్రం గోడ మీద ఉండాలి. మ్యాచ్ కాకపోతే సరుకులు ఆపకూడదు. టీచరు, ఆయా సంతకాలతో ఇచ్చి కారణం రాయాలి. కారణాలు ఎక్కువ వచ్చిన కేంద్రానికి సూపర్‌వైజర్ వెళ్లి చూడాలి. అంతే. పోషకాహారం అన్నది 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం గర్భిణికీ, బాలింతకీ, ఆరేళ్ల లోపు బిడ్డకీ రాసిచ్చిన హక్కు. దానికి కెమెరా ఒప్పుకోలు షరతు కాకూడదు.

కంప్యూటర్ చెప్పింది కదా అని మనుషుల్ని జాబితా లోంచి తీసేస్తే ఏమవుతుందో తెలంగాణ ఒకసారి చూసింది. సమగ్ర వేదిక పేరుతో వేర్వేరు శాఖల డేటాబేసులు కలిపి, ఫలానావాళ్లకి కారుంది, ఫలానావాళ్లకి ఆస్తి ఉంది అని సాఫ్ట్‌వేర్ తేల్చింది. పేర్లు కలిసినచోట ఒకరి కారు ఇంకొకరి ఖాతాలో పడింది. 2016 తర్వాత రద్దయిన రేషన్ కార్డులు దాదాపు 19 లక్షలు. వాటిని ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లలో చెడ్డవాళ్లు ఉన్నారని నేననుకోను. ఒకే పేరుతో పదిమంది ఉండే ఊళ్లలో వాళ్లు దాన్ని పరీక్షించలేదు. మా వృత్తిలో దీనికి క్షమాపణ ఉండదు. బ్యాంకు యాప్‌లో ఒకరి డబ్బు ఇంకొకరి ఖాతాలో పడితే మర్నాడు పొద్దున్నకల్లా మమ్మల్నందరినీ కూర్చోబెట్టి అడుగుతారు. రేషన్ కార్డు పోయిన మనిషికి మాత్రం మీసేవ చుట్టూ తిరగమంటారు.

అసలు విషయానికి వస్తాను. బరువు, ఎత్తు.

రెండేళ్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టి పొడవు కొలవాలి, ఆ పైవాళ్లని నిలబెట్టి ఎత్తు కొలవాలి. పడుకోబెట్టి కొలిచేటప్పుడు ఒకరు తల పట్టుకోవాలి, ఒకరు మోకాళ్లు నొక్కి పాదాలు పలకకి ఆనించాలి. ఇద్దరు మనుషుల పని. ఆయా పోస్టు ఖాళీగా ఉన్న కేంద్రంలో రెండో మనిషి బిడ్డ తల్లే. బిడ్డ కాళ్లు ముడుచుకుంటే ఒక సెంటీమీటరు పోతుంది. ఆ ఒక్క సెంటీమీటరుతో ఎత్తుకు తగ్గ బరువు లెక్క మారిపోయి, పసుపులో (ఒక మోస్తరు లోపం) ఉండాల్సిన బిడ్డ ఆకుపచ్చలోకి (లోపం లేదు) రావచ్చు. యాప్ ఎంత గొప్పదైనా లోపలికి వెళ్లే అంకె ఈ పలక దగ్గరే పుడుతుంది. అప్‌డేట్‌ల మీద పెట్టే శ్రద్ధలో కొంత కొలతపలక మీద, త్రాసు సరిచూడటం మీద, ఆ రెండో మనిషి మీద పెట్టండి.

ఇంకోటి ఉంది, కొంచెం చేదు. పిల్లల్లో ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు దేశంలో 19.3 శాతమని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తెలంగాణలో 21.7, ఆంధ్రలో 16.1. పోషణ్ ట్రాకర్ లెక్కల ప్రకారం దేశంలో అది 6 శాతం అటూ ఇటూ అని ఈమధ్య కేంద్రం పార్లమెంటుకు చెబుతూ వచ్చింది. రెండూ కొలిచింది ఒకే పిల్లల్ని కాదు, ఒకే ఏడాది కాదు, అది ఒప్పుకుంటాను. అయినా మూడింతల తేడాకి అదొక్కటే కారణమంటే నమ్మడం కష్టం. ఎర్రలో (తీవ్ర లోపం) పిల్లలు ఎక్కువ కనిపిస్తే టెలికాన్ఫరెన్స్‌లో చదివేది ఆ సెక్టార్ పేరే అయినప్పుడు, అంకె మెల్లగా ఆకుపచ్చ వైపు జరుగుతుంది. ఎవరూ అబద్ధం చెప్పమని చెప్పరు. "ఒకసారి మళ్లీ చూసుకోమ్మా" అంటారు. తల వంచుకుని మళ్లీ చూసుకుంటారు. నిజం రాసిన టీచరుకి మెచ్చుకోలు ఉండాల్సింది పోయి టెన్షన్ మిగులుతుంటే, మీ డ్యాష్‌బోర్డు మీకు మీరే చెప్పుకున్న శుభవార్త అవుతుంది.

పాత కాగితపు కార్డులో ఒక గుణం ఉండేది. నెలనెలా చుక్క పెట్టి గీత కలిపేవారు. ఆ గీత పైకి పోతోందా, పడుకుందా, కిందికి దిగిందా అన్నది చదువురాని అమ్మకి కూడా కనిపించేది. బిడ్డ ఇంకా ఆకుపచ్చలోనే ఉండొచ్చు, కానీ రెండు నెలలుగా బరువు పెరగకపోతే అదే మొదటి హెచ్చరిక. విరేచనాలు పట్టుకున్నాయా, తల్లి కూలికి వెళ్లి పాలు తగ్గాయా, రెండో కాన్పు వచ్చి పెద్దదాన్ని పట్టించుకోవట్లేదా అని అడగాల్సిన రోజు అదే. ఎర్రలోకి వెళ్లాక ఎన్‌ఆర్‌సీకి (తీవ్ర పోషణ లోపమున్న పిల్లల్ని చేర్చుకునే కేంద్రానికి) పంపడం ఆలస్యంగా చేసే పని. పైగా తల్లి ఆ బిడ్డతో ఎన్‌ఆర్‌సీలో పద్నాలుగు రోజులు ఉండాలంటే ఇంటి దగ్గర మిగతా పిల్లల్ని ఎవరు చూడాలి, కూలి ఎవరిస్తారు అన్న పంచాయితీ వేరే. ఫోన్‌లో గ్రాఫ్ ఉంటుంది, కాదనను. కానీ అది ఒక్కో బిడ్డ పేరు తెరిచి వెతుక్కుంటే కనిపించే గ్రాఫ్. టీచరుకి కావాల్సింది సోమవారం పొద్దున్న ఫోన్ తెరవగానే నాలుగు పేర్లు. ఈ ముగ్గురికి రెండు నెలలుగా బరువు కదల్లేదు. ఈ అమ్మాయికి ఏడో నెల వచ్చింది, రక్తపరీక్ష జరగలేదు. ముందు వీళ్ల ఇళ్లకి వెళ్లు. ఇంతకంటే గొప్ప కృత్రిమ మేధ ఏమీ అక్కర్లేదు. ఇది మూడు లైన్ల క్వెరీ, అంటే డేటాబేసుని అడిగే చిన్న ప్రశ్న.

ఆ రక్తపరీక్ష లెక్క ఏఎన్‌ఎం దగ్గర ఉంటుంది. ఏఎన్‌ఎం యాప్ వేరు, ఆమె శాఖ వేరు. ఒకే గర్భిణి వివరాలు ఇద్దరూ విడివిడిగా ఎక్కిస్తారు, ఒకరు ఎక్కించింది ఇంకొకరికి కనిపించదు. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని ఒకరి నోట్‌బుక్ చూసి ఇంకొకరు రాసుకుంటారు. రెండు శాఖల సెక్రటరీలు ఒక గంట కూర్చుంటే తెగే విషయం ఏళ్ల తరబడి ఆ అరుగు మీదే నడుస్తోంది.

బాగున్నదాన్ని బాగుందనాలి కదా. వలస వెళ్లిన కుటుంబం వివరాల్ని ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి బదిలీ చేసే వీలు యాప్‌లో ఉంది. రిజిస్టర్ల కాలంలో ఇది ఊహకందనిది. ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకి వచ్చే పిల్లలకి, పాలమూరు నుంచి బయటి ఊళ్లకి వెళ్లే మేస్త్రీల పిల్లలకి ఇదే అసలైన వరం. కానీ బట్టీ దగ్గరున్న కేంద్రంలో కొత్త పిల్లలు చేరితే సరుకుల ఇండెంట్ (ఎంత కావాలో పైకి పంపే లెక్క) ఆ నెలే పెరగాలి. పేరు సెకనులో వచ్చి, గుడ్లు పై నెల వస్తే ఆ బదిలీ కాగితం మీదే. వాడకం చూసి ఇండెంట్ దానంతటదే మారేలా చేయండి. కంప్యూటర్ ఇలాంటిచోట మనిషి కంటే బాగా పనిచేస్తుంది.

సాంకేతికతని కిందివాళ్ల వైపు తిప్పడం మనకి చేతకానిది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సాఫ్ట్‌వేర్ గుర్తుందా? కొలతలు ఎక్కిస్తే కూలి లెక్క సిస్టమే కట్టేది. ఏ ఊళ్లో ఏ కూలీకి ఎన్ని రోజుల డబ్బు ఆగిందో ఎవరైనా చూడగలిగేవారు. 2006 నుంచి సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. ఊరి యువతే ఆ ప్రింట్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, "నీ పేరు మీద ఇన్ని రోజులు పడ్డాయి, వెళ్లావా? డబ్బు ముట్టిందా?" అని అడిగేవారు. తర్వాత అందరి ముందూ చదివేవారు. ఆ సభల్లో ఎంతమంది మొహాలు మాడిపోయాయో, రికవరీలు ఎంతవరకు అయ్యాయో అది వేరే కథ. అయినా దొంగలెక్క పట్టుకునే పని అక్కడ కూలీ చేతికి వచ్చింది. కూలీ ముఖాన్ని అనుమానంగా చూడాల్సిన అవసరం రాలేదు. అంగన్‌వాడీ గుడ్ల లెక్కకీ ఇదే చేయొచ్చు. ఈ నెల మన కేంద్రానికి ఇన్ని గుడ్లు, ఇన్ని పాల ప్యాకెట్లు వచ్చాయి, ఇంతమందికి ఇచ్చాం అన్న ఒక్క కాగితం ప్రతి నెలా కేంద్రం తలుపుకి అంటించి తల్లుల మీటింగ్‌లో చదివితే, ఫేస్ క్యాప్చర్ పట్టుకోలేని దొంగ కూడా దొరుకుతాడు. కాంట్రాక్టరు చిన్న సైజు గుడ్లు పంపాడన్నది ఏ కెమెరాకీ కనిపించదు, అమ్మలకి కనిపిస్తుంది. పిల్లల పేర్లు, రంగులు మాత్రం ఆ కాగితంలో రాయకూడదు. ఎవరి బిడ్డ ఎర్రలో ఉందో ఊరంతా తెలియనక్కర్లేదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసుకున్నాం. మన శాఖలు లబ్ధిదారుల జాబితాలను ఆధార్ నంబర్లతో సహా వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుకోవడం ఆపడంతో దాని అమలు మొదలుపెట్టవచ్చు.

యాప్ తయారుచేసే బృందాలకి నాలుగు మాటలు, ఇది మా కులపోళ్ల గొడవ అనుకోండి. కొత్త వెర్షన్‌ని మీ ఆఫీసు వైఫైలో, మీ కొత్త ఫోన్లో పరీక్షించి వదలకండి. టీచర్ల చేతిలో ఉన్న ఫోన్ తెచ్చుకోండి, దాన్లో వాళ్ల పిల్లల వీడియోలు, పండగ ఫొటోలు నిండి మెమరీ ఎర్రగా ఉంటుంది, అలాగే ఉంచండి. పాడేరు ఏజెన్సీకో, ఉట్నూరు వైపుకో వెళ్లి సిగ్నల్ లేనిచోట హాజరు వేయండి. సిగ్నల్ వచ్చేదాకా ఫోన్‌లోనే భద్రంగా ఉండి, తర్వాత దానంతటదే వెళ్లాలి. వెళ్లిందో లేదో టీచరుకి తెలియాలి. సరుకులిచ్చే మొదటి వారంలో అప్‌డేట్ వదలకండి. ఏం మారిందో తెలుగులో రెండు ముక్కలు రాయండి, లేదా ఒక నిమిషం ఆడియో పంపండి. "సంథింగ్ వెంట్ రాంగ్" అని వస్తే అక్క తన వల్లే ఏదో పాడైందని భయపడి ఫోన్ పక్కన పెట్టేస్తుంది. ఏం జరిగింది, ఇప్పుడేం చేయాలి, ఎక్కించింది భద్రంగా ఉందా లేదా, ఈ మూడూ తెలుగులో చెప్పండి. సర్వర్ డౌన్ అయిన గంటలు మీ దగ్గర రికార్డు అవుతాయి కదా, ఆ గంటల్లో పడని హాజరుకి టీచరుని అడగకుండా ఉండేలా ఆ రికార్డుని ప్రాజెక్టు అధికారి (సీడీపీఓ) స్క్రీన్ మీద పెట్టండి. ఫిర్యాదుకి ఒక నంబర్ ఇచ్చి, అది మూసేముందు ఫిర్యాదు చేసినావిడని అడగండి. బయట కంపెనీలకి ఇవన్నీ చేస్తూనే ఉన్నాం. ప్రభుత్వ పని అనేసరికి ఎందుకో టెండర్లో రాయలేదంటాం.

టెండర్లో రాసేది మీరు కాబట్టి మళ్లీ మీ దగ్గరికే వస్తున్నాను. కొత్త యాప్‌కి గానీ, కొత్త వెర్షన్‌కి గానీ ఒక షరతు పెట్టండి. ఇది ఏ రిజిస్టర్‌ని రద్దు చేస్తుంది? రద్దు చేయకపోతే అనుమతి లేదు. ఇంకో షరతు. వదిలేముందు ఒక సెక్టార్‌లో నెల రోజులు వాడించి, టీచరుకి రోజుకి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం పెట్టి కొలవాలి. ఆ లెక్క బయటపెట్టాలి. పిల్లలతో గడపాల్సిన సమయంలో యాప్ ఎంత తింటోందో ఇప్పటిదాకా ఏ డ్యాష్‌బోర్డులోనూ నాకు కనిపించలేదు. పిల్లల హాజరు నిమిషాలతో సహా కొలిచే శాఖకి ఇది పెద్ద పని కాదు.

ఈ కొలతకి టెస్టర్లు కావాలంటే హైదరాబాద్‌లో, విశాఖలో మాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. సెలవు పెట్టుకుని వస్తాం, డబ్బు అక్కర్లేదు. ఏ జిల్లా, ఏ సెక్టార్ అన్నది మీరు చెప్పండి. ఒక్క షరతు, మాతోపాటు ఆ సెక్టార్ టీచర్లలో కనీసం ముగ్గురు టెస్టింగ్ బృందంలో ఉండాలి. వాళ్లు సరే అనేదాకా వెర్షన్ బయటికి రాకూడదు. తర్వాతి అప్‌డేట్‌కి ముందు మీ జవాబు వస్తే సంతోషం.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ టీచరు చెల్లెలు,
హైదరాబాద్